సెంటు భూమి, సెంటు వజ్రం

అర్ధవీడు మండలంలో సెంటు అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. వంద సెంట్లు ఒక ఎకరం. పాసు పుస్తకంలో 1.37 అని ఉంటే ఎకరా ముప్పై ఏడు సెంట్లని బడి మొహం చూడని పెద్దవాళ్లు కూడా చదివేస్తారు. గట్టు జరిగి రెండు సెంట్లు పక్క చేలోకి పోతే ఆ సంగతి ఊరంతటికీ తెలుస్తుంది. అలాంటి ఊళ్ల నుంచి ఓ తల్లీ కూతురూ పెళ్లి నగల కోసం మార్కాపురం వెళ్లారనుకుందాం. బంగారం బేరం అయ్యాక దుకాణంలోని కుర్రవాడు నల్ల మఖమలు పళ్లెంలో ఓ ఉంగరం పెడతాడు.

"ముప్పై సెంట్ల రాయమ్మా ఇది."

"సెంట్లేంది నాయనా, పొలమా ఏమన్నా?"

నగల దుకాణంలో ఆ ప్రశ్న వేయడానికి చాలామంది మొహమాటపడతారు. వేయాల్సిన ప్రశ్నే అది. వజ్రాన్ని తూచే కొలమానం క్యారెట్. అందులో నూరో వంతు సెంటు. ఎకరానికి సెంటు ఎలాగో క్యారెట్‌కు సెంటు అలాగే. 0.30 అని రాసి ఉంటే ముప్పై సెంట్లు, 1.37 అని ఉంటే క్యారెట్ ముప్పై ఏడు సెంట్లు. లెక్క రాసే తీరు పాసు పుస్తకంలో ఉన్నదే. కానీ తేడా ఒకటుంది, అదే అసలు విషయం. పొలం సెంటు వైశాల్యం. కాళ్లతో నడిచి, గొలుసు పట్టి కొలిచేది. వజ్రం సెంటు బరువు. కంటికి కనిపించేది రాయి వెడల్పు, బిల్లులో డబ్బు పడేది దాని బరువు మీద. ఈ రెంటినీ ఒకటనుకున్న చోటే కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు.

క్యారెట్ అనే మాటతోనే మొదటి చిక్కు వస్తుంది. ఇరవై రెండు క్యారెట్ల బంగారం అన్నప్పుడు అది బరువు కాదు, స్వచ్ఛత. మొత్తం లోహాన్ని 24 భాగాలు చేస్తే అందులో 22 భాగాలు మేలిమి బంగారం, మిగిలినవి రాగి, వెండి లాంటి లోహాలు. దాన్నే వెయ్యికి లెక్కేస్తే 916. పద్దెనిమిది క్యారెట్లయితే 750. వజ్రాల నగలు ఎక్కువగా ఈ పద్దెనిమిదిలోనే చేస్తారు. మెత్తటి 22 క్యారెట్ల బంగారం కన్నా ఇది గట్టిది, చిన్న రాళ్లను గట్టిగా పట్టి ఉంచుతుంది. ఇక వజ్రం క్యారెట్ అచ్చంగా బరువు. ఒక క్యారెట్ 200 మిల్లీగ్రాములు, అయిదు క్యారెట్లు ఒక గ్రాము. ఇంగ్లీషు రాసేవాళ్లలో కొందరు ఈ రెండు మాటల మొదటి అక్షరం మార్చి రాస్తారు కాబట్టి వాళ్లకు కాస్త ఆసరా ఉంది. తెలుగులో రెండూ ఒకే క్యారెట్. ఒకే ఉంగరం బిల్లులో "18 క్యారెట్", "0.30 క్యారెట్" పక్కపక్కనే పడతాయి. మొదటిది చూసి పద్దెనిమిది క్యారెట్ల వజ్రం వచ్చిందని మురిసిపోతే తప్పు కొనేవాళ్లది కాదు, అమ్మేవాళ్లు విడమరచి చెప్పకపోవడంలో ఉంది.

రెండింటికీ పుట్టిల్లు ఒకటే, ఓ చెట్టు గింజ. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే కేరబ్ చెట్టు మన చింత, కంది, గురివింద కుటుంబానిదే. దాని కాయలోని గింజను గ్రీకులు కెరాటియన్ అన్నారు, అరబ్బులు కీరాత్ అన్నారు. నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ముద్రించిన బంగారు నాణెం సాలిడస్ ఎత్తు 24 గింజలు. నాణెంలో ఎన్ని గింజల ఎత్తు మేలిమి ఉందో చెప్పే అలవాటు నుంచి బంగారం క్యారెట్ పుట్టింది. రాయిని అదే గింజతో తూచే అలవాటు నుంచి వజ్రం క్యారెట్ పుట్టింది.

కేరబ్ గింజలన్నీ ఒకే బరువుంటాయని, అందుకే వర్తకులు వాటిని ఎంచుకున్నారని చాలా పుస్తకాల్లో ఉంటుంది. 2006లో లిండ్సే టర్న్‌బుల్, ఆమె సహచర శాస్త్రవేత్తలు ఆ గింజల్ని నిజంగానే తూచి చూశారు. మిగతా చెట్ల గింజల బరువులు ఎంత అటూ ఇటూగా ఉంటాయో కేరబ్ గింజలవీ అంతే ఉన్నాయి. కాకపోతే గింజల్ని పక్కపక్కన పెడితే అయిదు శాతం తేడాను కూడా మనిషి కన్ను పట్టేస్తుందని తేలింది. ఏరి కూర్చుకున్న గింజలు తూకానికి పనికొచ్చాయన్నమాట. గుణం చెట్టులో లేదు, ఏరిన చేతిలో ఉంది. విత్తనం కోసం కందులు ఏరే ఇల్లాలికి ఇది కొత్త సంగతేమీ కాదు.

మన దేశంలో రాళ్లను తూచడానికి మన గింజలే ఉండేవి. వరాహమిహిరుడి బృహత్సంహితలో వజ్రం తూకం బియ్యపు గింజల్లో ఉంది. ఎనిమిది తెల్ల ఆవగింజల ఎత్తు ఒక బియ్యపు గింజ. ఉత్తరాదిన రత్తి, అంటే సామెతలో తన కింద నలుపెరగని మన గురివింద. దక్షిణాదిన మంజాడి. నిగనిగలాడే ఎర్రటి ఈ గింజ కాసే చెట్టును తెలుగువాళ్లు బండి గురివింద అంటారు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో వజ్రాలు కొనడానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు జాన్ బాప్టిస్ట్ టావెర్నియే ఈ తూకాన్ని "మంగెలిన్" అని రాసుకున్నాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో వేలమంది పని చేయడం కళ్లారా చూసినవాడతను. ఆ కొల్లూరు నేల ఇప్పుడు పులిచింతల జలాశయం నీటిలో ఉంది.

టావెర్నియే రాసిన ఒక వివరం దగ్గర ఆగాలి. కొల్లూరు గని దగ్గర మంగెలిన్ అంటే ఒకటీముప్పావు క్యారెట్లు. అదే రాజ్యంలో గనులు దాటి వస్తే, మంగెలిన్ అంటే ఒకటీ మూడెనిమిదో వంతు క్యారెట్లే. పేరు ఒకటే, తూకం వేరు. వంద మంగెలిన్‌ల సరుకు గని దగ్గర 175 క్యారెట్లయితే, పట్నంలో ఆ మాటకు అర్థం 137న్నర క్యారెట్లు. ఈ సంగతి తెలియని వర్తకుడు ఏమై ఉంటాడో ఊహించుకోవచ్చు. దూరం నుంచి వచ్చిన కొత్త వర్తకుడు మొదట నేర్వాల్సింది రాయి మెరుపు కాదు, ఆ ఊళ్లో తూకం పేరుకు అర్థమేమిటన్నది.

యూరప్‌లోనూ ఇదే తంతు. లండన్ క్యారెట్ సుమారు 205 మిల్లీగ్రాములుంటే ఫ్లారెన్స్‌ది అంతకన్నా తక్కువ. కోహినూర్ ఇంగ్లండు చేరినప్పుడు దాని తూకం 186 క్యారెట్లని రాశారు. ఇప్పటి లెక్కలో అది 191. రాయి పెరగలేదు, క్యారెట్ తగ్గింది. 1907లో పారిస్‌లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ సమావేశం క్యారెట్‌ను సరిగ్గా 200 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. అమెరికా 1913లో, బ్రిటన్ 1914లో దాన్ని అమల్లోకి తెచ్చాయి. పాత పుస్తకాల్లో పేరున్న వజ్రాల బరువులు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి సగం కారణం ఇదే. ఈ రోజు మార్కాపురంలో క్యారెట్ అన్నా, ఆంట్వెర్ప్‌లో అన్నా బరువు ఒకటే. అంతవరకు కొనేవాళ్లకు నిశ్చింత.

ఇప్పుడు బరువుకూ వెడల్పుకూ ఉన్న తగువు చూద్దాం. దానికి నల్లమల అంచున ఉన్నవాళ్లకు మంచి ఉదాహరణ చేతికందే దూరంలో ఉంది.

మార్కాపురం పలక తెలియని తెలుగు ఇల్లు ఒకప్పుడు లేదు. కోట్ల ఏళ్ల కిందట మెత్తటి బురదగా పేరుకుని, భూమి ఒత్తిడికి పొరలు పొరలుగా గట్టిపడిన రాయి అది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్ల వరుసకు ఇక్కడి కంభం ఊరి పేరే పెట్టారు. అదే వరుసను చీల్చుకుని, గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు దారిలో చెలమ దగ్గర వేరే జాతి రాయి గోడల్లా పైకి వచ్చింది. దాని పేరు లాంప్రాయిట్. వయసు సుమారు 140 కోట్ల ఏళ్లు. ప్రపంచంలో ఇప్పటిదాకా తెలిసిన లాంప్రాయిట్‌లలో చాలా పాతవాటి సరసన ఇది ఉంది. భూమి లోపల నూట యాభై కిలోమీటర్లకు దిగువన పుట్టే వజ్రాలను పైకి మోసుకొచ్చే రాళ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్న కింబర్లైట్, రెండోది ఈ లాంప్రాయిట్. దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె మీదుగా అడవిలో ప్రయాణించేవాళ్లు కిటికీలోంచి పచ్చదనమే చూస్తారు. పలకరాయీ, వజ్రాన్ని మోసే రాయీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్న నేల మీదుగా ఆ బండి పోతుంది.

పలకను ముఖం కొలిచి అమ్ముతారు, ఎన్ని అంగుళాల పొడవు, ఎన్ని అంగుళాల వెడల్పు అని. మందం కాస్త ఎక్కువైతే పిల్లవాడికి బరువే తప్ప రాసుకునే చోటు పెరగదు. వజ్రం ఉంగరంలో కూర్చున్నాక దానికీ ముఖమే కనిపిస్తుంది, కానీ డబ్బు తీసుకునేది మందంతో కలిపి. వజ్రాన్ని పలకలా ముఖం కొలిచి చూసుకోవడం కొనేవాడి పని. అమ్మేవాడు ఎప్పుడూ దాన్ని తూచే చూపిస్తాడు.

లెక్క ఇది. సరైన పొందికతో సానబట్టిన ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం ముఖం అడ్డంగా సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు. మరి రెండు క్యారెట్లయితే పదమూడా? కాదు, ఎనిమిది పైచిలుకు. అర క్యారెట్ అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు, దాదాపు మిరియపు గింజంత. పావు క్యారెట్ నాలుగు. రాయి పెరిగేటప్పుడు పొడవు, వెడల్పు, లోతు మూడూ కలిసి పెరుగుతాయి కాబట్టి బరువు రెట్టింపైనా అడ్డం నాలుగో వంతుకు మించి పెద్దగా పెరగదు. అడ్డం సరిగ్గా రెట్టింపు కావాలంటే బరువు ఎనిమిది రెట్లు కావాలి. నీళ్ల ట్యాంకు కట్టించినవాళ్లకు ఇది తెలుసు. కొలతలు మూడువైపులా రెట్టింపు చేస్తే పట్టే నీళ్లు ఎనిమిదింతలు.

ఇందులోంచే ఓ మర్మం పుడుతుంది. వజ్రం లోతు కాస్త పెంచి కోస్తే బరువు కిందికి, పొట్టలోకి పోతుంది. వ్యాపారులు గుండ్రటి రాయికి ఓ సూత్రం వాడతారు. అడ్డాన్ని అడ్డంతో గుణించి, లోతుతో గుణించి, 0.0061తో గుణిస్తే క్యారెట్లు వస్తాయి. 6.2 మిల్లీమీటర్ల అడ్డం ఉన్న రాయి లోతు 3.78 ఉంటే బరువు 0.89 క్యారెట్. అదే అడ్డానికి లోతు 4.27 ఉంటే 1.00 క్యారెట్. పై నుంచి చూస్తే రెండూ ఒకటే వెడల్పు. రెండోదానిలో పదకొండు సెంట్లు ఎవరికీ కనిపించని చోట దాక్కున్నాయి. పైగా లోతు మరీ ఎక్కువైన రాయిలోకి వెళ్లిన వెలుగు పైకి తిరిగి రాకుండా కింది నుంచి, పక్కల నుంచి జారిపోతుంది, రాయి మధ్యలో మసకగా ఉంటుంది. ఎక్కువ డబ్బు పోసి తక్కువ మెరుపు కొన్నట్టు. ప్రయోగశాల ఇచ్చే పత్రంలో క్యారెట్ల సంఖ్య కిందో పైనో మిల్లీమీటర్లలో కొలతలుంటాయి. చాలామంది చూపు అటు పోదు. చూడాల్సింది ఆ వరుసే.

ధర సంగతికొస్తే, క్యారెట్ రెట్టింపైతే ధర రెట్టింపు కాదు, అంతకన్నా చాలా ఎక్కువ. ఇది కొత్త మాయ కాదు. టావెర్నియే తన పుస్తకంలో వజ్రానికి వెలకట్టే పద్ధతి రాశాడు. బరువును బరువుతో గుణించి, వచ్చినదాన్ని ఆ తరహా ఒక క్యారెట్ రాయి వెలతో గుణించాలి. అన్ని విధాలా బాగున్న పన్నెండు క్యారెట్ల రాయి తీసుకుందాం. అలాంటి రాయి క్యారెట్ వెల ఆనాటి ఫ్రెంచి డబ్బులో 150 లివర్లు. పన్నెండు పన్నెండ్లు 144, దాన్ని 150తో గుణిస్తే 21,600 లివర్లు. మరో రాయి పదిహేను క్యారెట్లది, కానీ లోపాలున్నది. దాని తరహా క్యారెట్ వెల 80. పదిహేను పదిహేన్లు 225, ఎనభైతో గుణిస్తే 18,000. బరువైన రాయి చౌక, తేలిక రాయి ఖరీదు. మూడున్నర శతాబ్దాల కిందటి ఈ రెండు రాళ్ల పోలిక ఈనాటి దుకాణంలో ప్రతి కౌంటరు మీదా అతికించదగ్గది. "ఎన్ని సెంట్లు?" అని అడిగి ఆగిపోతే సగం ప్రశ్నే అడిగినట్టు. రంగు ఎంత తెలుపు, లోపల మచ్చలు ఎన్ని, కోత ఎలా ఉంది అన్నది మిగతా సగం.

ఇప్పటి ధరలు సరిగ్గా ఆ సూత్రం ప్రకారం నడవవు, మెట్లు మెట్లుగా ఉంటాయి. అర క్యారెట్ దగ్గర ఒక మెట్టు, క్యారెట్ దగ్గర మరో మెట్టు. 95 సెంట్ల రాయికీ వంద సెంట్ల రాయికీ వెడల్పులో తేడా మిల్లీమీటర్‌లో పదో వంతు, అంటే దాదాపు వెంట్రుక మందం. చూసేవాళ్లు ఎవరూ పసిగట్టలేరు. ధరలో మాత్రం ఆ అయిదు సెంట్లకు మించిన తేడా పడుతుంది, ఎందుకంటే నిండు క్యారెట్ అన్న మాటకు గిరాకీ ఉంది. సానబట్టేవాళ్లు కూడా రాయి అందం కాస్త చెడినా సరే, మెట్టు దాటించాలని చూస్తారు. పైన చెప్పిన 6.2 మిల్లీమీటర్ల అడ్డం, ఎక్కువ లోతు ఉన్న రాయి లాంటివి అలా పుట్టినవే. పేరు కన్నా చూపు ముఖ్యమనుకునే కుటుంబం మెట్టుకు కాస్త దిగువన, తొంభైల్లోనో, నలభై ఎనిమిది సెంట్ల దగ్గరో ఆగితే అదే సొమ్ముకు ఇంకాస్త తెల్లటి, శుభ్రమైన రాయి వస్తుంది.

మెట్లకు ఇంత విలువ ఉంది కాబట్టే తూకం రాసేవాళ్లు జాగ్రత్త పడతారు. అమెరికాలోని జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్, అంటే జీఐఏ, వజ్రాన్ని క్యారెట్‌లో అయిదో దశాంశం దాకా తూచి రెండు దశాంశాలకు కుదిస్తుంది. బడిలో నేర్పినట్టు అయిదు దాటితే పైకి సవరించరు. మూడో దశాంశం తొమ్మిది అయితేనే పైకి. 0.998 తూగిన రాయి పత్రంలో 0.99 గానే పడుతుంది. 0.999 అయితేనే 1.00. కొనేవాడి పక్షాన నిలిచే లెక్క ఇది.

మన వైపు ఇళ్లలో ఒంటి రాయి కన్నా గుంపు రాళ్ల నగలకే ఆదరణ. అమ్మమ్మల నాటి ఏడు రాళ్ల కమ్మలు ఇప్పటికీ పెళ్లి జాబితాలో ఉంటాయి. నడుమ ఒకటి, చుట్టూ ఆరు, పువ్వులా. చెవికి ఏడు, రెండు చెవులకు పద్నాలుగు. దుకాణంలో "మొత్తం క్యారెట్ నలభై" అంటారు. అంటే ఒక్కో రాయి పది సెంట్లు, మూడు మిల్లీమీటర్ల అడ్డం. అదే క్యారెట్ నలభై సెంట్లను రెండు ఒంటిరాళ్ల దిద్దులుగా చేస్తే ఒక్కో రాయి డెబ్బై సెంట్లు, అయిదున్నర మిల్లీమీటర్లకు కాస్త పైన. బిల్లులో రెండు జతల బరువూ ఒకటే. ధరలో మాత్రం ఒంటిరాళ్ల జత ఎంతో పైన ఉంటుంది, ఎందుకంటే డెబ్బై సెంట్ల రాయిని ఇవ్వగల ముడి రాళ్లు నేలలో అరుదు. మెరిసే ముఖం లెక్కేస్తే తిరగబడుతుంది. పద్నాలుగు చిన్న రాళ్ల ముఖాలన్నీ కలిపితే సుమారు 99 చదరపు మిల్లీమీటర్లు, రెండు పెద్ద రాళ్లవి 51. అదే బరువుకు దాదాపు రెట్టింపు మెరుపు పరుచుకుంటుంది, తక్కువ సొమ్ముకు. లెక్కలు ఏమీ వేయకుండానే మన పెద్దవాళ్లు ఏడు రాళ్ల కమ్మలను ఎందుకు అంత ఇష్టపడ్డారో ఈ అంకెల్లో కనిపిస్తుంది. నలుగురిలో నిండుగా కనిపించే నగ అది.

ఒంటి రాయి ధర మనసులో పెట్టుకుని గుంపు రాళ్ల నగకు బేరమాడితేనే ప్రమాదం. "క్యారెట్ వజ్రం ఇంత తక్కువకా!" అనిపించిందంటే, అది ఒక్క రాయా, ఇరవై రాళ్ల మొత్తమా అని అక్కడికక్కడే అడగాలి. మొత్తం బరువుతో పాటు రాళ్ల సంఖ్య కూడా బిల్లులో రాయించుకుంటే భాగహారం ఇంటికొచ్చాక కూడా చేసుకోవచ్చు. ఇలాంటి చిన్న రాళ్లను సూరత్‌లో చిల్లుల జల్లెడల్లో పోసి పరిమాణాల వారీగా వేరు చేస్తారు, కళ్లంలో గింజలు జల్లించినట్టే. ఒక్కోదాన్ని విడిగా తూచరు, గుప్పెడు తూచి లెక్కతో భాగిస్తారు.

తూకం చూపించమని అడిగేవాళ్లు ఏ త్రాసు మీద తూస్తున్నారో కూడా చూడాలి. ఒక సెంటు అంటే రెండు మిల్లీగ్రాములు. బంగారం తూచే త్రాసు గ్రాములో రెండు దశాంశాలే చూపిస్తే దాని అతి చిన్న మెట్టు పది మిల్లీగ్రాములు, అంటే అయిదు సెంట్లు. ముప్పై సెంట్ల రాయిని దాని మీద పెడితే 0.06 చూపిస్తుంది. ముప్పై రెండు సెంట్ల రాయిని పెట్టినా 0.06 చూపిస్తుంది. రాళ్లకు వేరే త్రాసు ఉంటుంది, చుట్టూ చిన్న అద్దాల గది, మీద అద్దం మూత. పట్టకారుతో రాయిని పళ్లెంలో వదిలి మూత వేసేదాకా అంకెలు నిలకడగా ఉండవు. పైన ఫ్యాను తిరిగినా, ఎదుటి మనిషి వంగి ఊపిరి వదిలినా చివరి అంకె అటూ ఇటూ ఊగుతుంది. మూత పడ్డాక రెండు క్షణాలకు అది కుదురుకుంటుంది. ఆ కుదిరిన అంకెనే చదవాలి. రాయి నగలో బిగిసిపోయాక ఇదంతా కుదరదు. అప్పుడు చెప్పే క్యారెట్లు కొలతల నుంచి సూత్రంతో కట్టిన అంచనా. కాస్త పెద్ద రాయి కొనేటప్పుడు బిగించకముందే తూచి చూపించమనడంలో తప్పేమీ లేదు.

బరువు మరో సాక్ష్యం కూడా చెబుతుంది. అమెరికన్ డైమండ్ అని మనవాళ్లు పిలిచే క్యూబిక్ జిర్కోనియా వజ్రం కన్నా చాలా సాంద్రమైనది. వజ్రంలా సానబట్టిన ఆరున్నర మిల్లీమీటర్ల అమెరికన్ డైమండ్ ఒకటిన్నర క్యారెట్ పైనే తూగుతుంది. మోయిసనైట్ అయితే దాదాపు 0.9. వజ్రం సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.52 గ్రాములు, అది మారదు. అడ్డం ఎంతో, బరువు ఎంతో తెలిస్తే పోలిక కుదరని రాయి అనుమానం రేపుతుంది. కానీ ఈ పరీక్ష ఒకచోట ఓడిపోతుంది. ప్రయోగశాలలో పెంచిన వజ్రం కూడా అచ్చమైన కర్బనమే. సాంద్రత, గట్టిదనం, మెరుపు అన్నీ ఒకటే. తూకమూ భూతద్దమూ దాన్ని పట్టలేవు, పరికరాలున్న ప్రయోగశాలే చెప్పాలి. గనిలో దొరికినదానికీ దీనికీ ధరలో చాలా అంతరం ఉంది కాబట్టి, ఏది అమ్ముతున్నారో కాగితం మీద రాసి ఉండాలి.

నగ మీద ఉన్న హాల్‌మార్కు గుర్తు దీనికి జవాబు కాదు. 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే కోడు కూడా బంగారం స్వచ్ఛతకే పూచీ. అందులో బిగించిన రాళ్ల గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు.

బంగారానికీ రాళ్లకూ తూకం విడదీయడంలో మరో చిక్కుంది. రాళ్ల నగ మొత్తం బరువులోంచి రాళ్ల బరువు తీసేస్తే మిగిలేది నికర బంగారం. ధరైనా, తరుగైనా, మజూరీ అయినా దాని మీదే పడాలి. ఉంగరంలో ముప్పై సెంట్ల రాయి ఉంటే తీయాల్సింది 0.06 గ్రాములు, పెద్ద లెక్క కాదు. అదే కెంపులు, పచ్చలు గుచ్చిన హారంలో నలభై క్యారెట్ల రాళ్లుంటే ఎనిమిది గ్రాములు, సరిగ్గా ఒక సవర. ఆ సవరను తీయకుండా బిల్లు కడితే రాళ్లకు బంగారం ధర చెల్లించి, మళ్లీ రాళ్లుగా వాటి ధర వేరే చెల్లించినట్టు. మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బరువు అని మూడు అంకెలు బిల్లులో విడిగా కనబడాలి. క్యారెట్లను అయిదుతో భాగిస్తే గ్రాములొస్తాయి, కూడికలు తీసివేతలు అక్కడే నిలబడి సరిచూసుకోవచ్చు.

తొలకరి పడ్డాక మాత్రం క్యారెట్ అన్న మాట దుకాణాల బయటా వినిపిస్తుంది. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు ఎర్రనేలల్లో, నల్లమలకు అవతల గాజులపల్లె దగ్గర వాగులో జనం వంగి రాళ్లు వెతుకుతారు. మార్కాపురం చుట్టుపక్కల మండలాల నుంచి సద్దిమూట కట్టుకుని వెళ్లేవాళ్లూ ఉంటారు. ఎవరికో రాయి దొరికిందని, ఇన్ని లక్షల నగదూ ఇన్ని తులాల బంగారమూ ఇచ్చి వ్యాపారి కొన్నాడని పత్రికల్లో వస్తుంది. ఆ వార్తల్లోని క్యారెట్లు ముడి రాయివి. దుకాణంలో వినే క్యారెట్లు సానబట్టిన రాయివి. రెండింటినీ పక్కపక్కన పెట్టి లాభం లెక్కేయకూడదు. 1698లో మన గనుల్లో దొరికిన రీజెంట్ వజ్రం ముడిగా పాత లెక్కలో 410 క్యారెట్లు, కోశాక ఇప్పటి లెక్కలో 140.64 క్యారెట్లు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కోహినూర్‌ను 1851లో లండన్ ప్రదర్శనలో చూసిన జనం మెరుపు లేదని పెదవి విరిచారు. మరుసటి ఏడాది మళ్లీ సానబట్టించారు. 191 క్యారెట్లు కాస్తా 105.6 అయ్యింది. దాదాపు సగం బరువు పొడిగా రాలిపోయాకే దానికి ఆ మెరుపు వచ్చింది.

వాగులో దొరికే చిన్న రాయి కథ కూడా ఇంతే. కంది గింజంత ముడి రాయిని పాత పంచె కొంగులో ముడేసుకుని వ్యాపారి దగ్గరికి వెళ్లిన మనిషికి త్రాసు 1.00 అని చూపించిందనుకుందాం. వ్యాపారి చూపు ఆ అంకె మీద ఉండదు. రాయిని వేళ్ల మధ్య తిప్పుతూ, పగుళ్లు ఎటు పోయాయో, ఏ మూల కోసేయాలో చూస్తూ, సానరాయి దిగాక చేతిలో మిగిలేది నలభై సెంట్లా, యాభై సెంట్లా అని అతను లెక్కేస్తూ ఉంటాడు.